కుంకుమ పెట్టిన కార్డు

కౌంటర్ వెనకాల నిలబడి పనిచేసే పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను దొంగతనం చేయలేదు. బిల్లు మాత్రమే వేశాను. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. నిజమైతే అన్నిసార్లు ఎందుకు చెప్పుకుంటాను చెప్పండి.

అనంతపురంలో ఫ్రిజ్‌లు, టీవీలు, మిక్సీలు అమ్మే పెద్ద షాపులో పదిహేడేళ్ళు బిల్లింగ్ చేశాను. అంతకు ముందు ధర్మవరంలో మా ఇంటి గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసేదాన్ని. మోకాళ్ళు పోయాయి, మా ఆయన పోయాడు. నలభై దాటిన వయసులో, నాలో సగం వయసున్న పిల్లల మధ్య కూర్చుని కంప్యూటర్ నేర్చుకుని ఈ ఉద్యోగంలో చేరాను. ఇంట్లో చక్కెర జబ్బుతో మంచం పట్టిన అమ్మ, నేను. ఇదంతా మీ జాలి కోసం చెప్పడం లేదు. నాకు భయం ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియాలి కదా, అందుకు.

చేరిన కొత్తలో బిల్లు వేయడమంటే బిల్లు వేయడమే. ఆఖరి ఏడెనిమిదేళ్ళలో అది మారింది. వస్తువుతో పాటు ఇంకోటి తగిలించాలి. వారంటీ పొడిగింపు అని, మెంబర్‌షిప్ అని, ఆరోగ్య కార్డు అని. మేము దాన్ని అటాచ్ అనేవాళ్ళం. కొనడానికి వచ్చినవాళ్ళు అడిగింది కాదు, వాళ్ళకు అక్కర ఉన్నదీ కాదు. బిల్లుకని ఫోన్ నంబరు అడుగుతాం. ఫోనుకు ఒక ఓటీపీ వస్తుంది, చెప్తారు. వెనకనే ఇంకొకటి వస్తుంది, అదీ చెప్తారు. మొదటిది బిల్లుకు. రెండోది కార్డుకు. రెండోది దేనికని అడిగేవాళ్ళు చాలా తక్కువ.

మా వైపు జనానికి ఇంకో అలవాటు ఉంది. చదువు రానివాళ్ళు ఆ నంబరు కూడా చెప్పరు. ఏకంగా ఫోనే మన చేతిలో పెట్టేస్తారు. "నువ్వే చూడమ్మా" అంటారు. బస్టాండులో పక్కన నిలబడిన మనిషి చేత బస్సు బోర్డు చదివించుకున్నంత సులువుగా ఇచ్చేస్తారు. అటాచ్‌లన్నిటిలోకీ సులువైనది అదే. నేను వాళ్ళ ఫోను చూసి, నేనే నంబరు కొట్టి, నేనే సరే అని నొక్కేదాన్ని.

పొద్దున పూట మీటింగు ఉండేది. షట్టరు సగం ఎత్తి, టీవీల మధ్య అందరం నేల మీద కూర్చునేవాళ్ళం. కౌంటర్ వాళ్ళకు కుర్చీలు లేవు కాబట్టి రోజు మొత్తంలో మేము కూర్చునేది ఆ పదిహేను నిమిషాలే. ముందు రోజు ఒక్క కార్డు కూడా అమ్మని వాళ్ళు మాత్రం నిలబడాలి. మా మేనేజరు కోస్తా వైపు మనిషి. కేకలు వేసేవాడు కాదు. కేకలు వేసేవాణ్ణి ఇంటికెళ్ళి తిట్టుకోవచ్చు. ఈయన నిలబడ్డవాళ్ళ వైపు చూసి, "ఏమైంది మేడం నిన్న? ఒంట్లో బాగుందా?" అని మెల్లగా అడిగేవాడు. అంతే.

టీవీల దగ్గర పనిచేసే ఒకాయన వరసగా మూడు రోజులు నిలబడ్డాడు. నాలుగో రోజు పొద్దున వచ్చి, హాజరు మిషను మీద వేలు పెట్టాడు. మిషను ఎర్ర దీపం వెలిగించింది. వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎరుపే. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు, కాగితం ఇవ్వలేదు. టిఫిన్ క్యారియర్ పట్టుకుని అట్లాగే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ వెనకాల వరసలో నేనున్నాను. నా వంతు వచ్చినప్పుడు నా వేలు వణికిందంటే నమ్మండి. పచ్చ దీపం వెలిగింది. ఆ రోజు నుంచి రోజూ పొద్దున ఆ వణుకు నాతోనే ఉండేది.

ఎండాకాలం మొదట్లో ఒక శనివారం సాయంత్రం. నేను అప్పటికే వరసగా రెండు రోజులు మీటింగులో నిలబడి ఉన్నాను. ముదిగుబ్బ దగ్గరి పల్లె నుంచి ఒక జంట వచ్చారు. ఆవిడకు నలభై ఐదు ఉంటాయి. గొర్రెలు మేపుకునే వాళ్ళు. అన్నిటికంటే చిన్న ఫ్రిజ్ ఒకటి ఎంచుకున్నారు. ఇంట్లో ఎంతమందమ్మా అని మాటవరసకు అడిగాను.

"ఇంటికి కాదక్కా, గొర్రెలకి" అంది. "టీకా మందు సల్లగా పెట్టాలంట. పోయినేడు ఐసు పెట్టె నమ్ముకుంటే మందు చెడిపాయె. గొర్రెపిల్లలు చానా సచ్చిపాయె."

గొర్రెలకు ఫ్రిజ్ కొనేవాళ్ళను అప్పుడే మొదటిసారి చూశాను. నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆమె భర్త పక్కనే ఒక అట్టపెట్టె మీద కూర్చుని ఊపిరి ఎగబీలుస్తున్నాడు. పెట్టెల మీద కూర్చోకూడదని ప్యాకింగ్ వాళ్ళు అనబోతే, "ఆయాసం అప్పా, రోంతసేపు కూచోనీ" అంది. నేను ఆయన్ని చూశాను. చూసి, మళ్ళీ తెర వైపు తిరిగాను.

మొదటి ఓటీపీ వచ్చింది. ఆమె ఫోను నా చేతిలో పెట్టింది. "నువ్వే చూడక్కా. నాకు అచ్చరాలు రావు." రెండోది వచ్చింది. ఫోను నా చేతిలోనే ఉంది. కొట్టేశాను. ఆరోగ్య కార్డు రుసుము బిల్లులోనే కలిసిపోయింది. బిల్లుతో పాటు తళతళలాడే కవర్లో కార్డు పెట్టి ఇచ్చాను. దాని మీద తెల్లకోటు వేసుకుని నవ్వుతున్న డాక్టరు బొమ్మ ఉంటుంది.

"ఇదేందక్కా?" అంది.

ఆమె వెనకాల ఆరేడు మంది ఉన్నారు. అద్దాల గదిలోంచి మేనేజరు చూస్తున్నాడు. ఆ కార్డుతో కొన్ని ల్యాబుల్లో రక్తపరీక్షకు కాస్త తగ్గిస్తారు, ఎప్పుడైనా ఫోన్లో ఒక డాక్టరు మాట్లాడతాడు. అంతకు మించి ఏమీ లేదు. అదంతా చెప్పే ఓపిక, తీరిక నాకు లేవు.

"ఆసుపత్రికి పోతే పనికొస్తుందిలేమ్మా" అన్నాను.

పూర్తిగా అబద్ధమూ కాదు. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చేసింది. ఆమె కార్డును కొంగున ముడి వేసుకుంది. మరునాడు పొద్దున మీటింగులో నేను నేల మీద కూర్చున్నాను. మోకాళ్ళకు ఎంత హాయిగా అనిపించిందో చెప్తే నవ్వుతారు.

నెలన్నర గడిచింది. ఆమె సంగతే మరిచిపోయాను. మా షాపులో సరుకు ఇళ్ళకు చేర్చే డెలివరీ ఆటో నడిపే ఒకతను ఉండేవాడు. నోరు జాస్తి, మనసు మంచిది. ఒక శనివారం ముదిగుబ్బ వైపు కూలర్ దించి వచ్చి, రసీదు ఇస్తూ నవ్వుతూ అన్నాడు.

"అక్కా, నువ్విచ్చిన కార్డుకి పూజ చేస్తాండారు తెలుసా."

"ఏ కార్డు?"

"అదే, గొర్రెలామె. పక్కింట్లో కూలర్ దించి, వాళ్ళింట్లో నీళ్ళు తాగినా. దేవుని పటాల కాడ పెట్టి, కుంకుమ పెట్టినారు. ఆయప్పకి గుండెలో వాల్వు చెడిపోయుండాదంట. అనంతపురం పెద్దాసుపత్రిలో గవర్నమెంటు పథకం కింద ఆపరేషనుకి తారీకు కూడా ఇచ్చినారంట."

"మంచిదే కదప్పా."

"ఏం మంచిది. ఆ తారీకు వద్దని రాసిచ్చి వచ్చేసినారు. మాకు కార్డుండాది, బెంగుళూరులో పెద్ద ఆసుపత్రికే పోతాం అంటాండాది ఆయమ్మ. వచ్చే గురువారం పోతారంట." అప్పుడు నా మొహం చూసి నవ్వు ఆపాడు. "ఆ కార్డు ఆపరేషనుకి పనికిరాదా అక్కా?"

రసీదు పుస్తకం మీద స్టాంపు వేయాలి. ఎక్కడ వేశానో తెలియదు, తర్వాత చూస్తే నా అరచేతి మీద ఉంది.

"ఎవరు చెప్పారంట పనికొస్తుందని?" అన్నాను. తెలిసే అడిగాను.

"నువ్వేనంట."

ఆ రాత్రి, ఆ మరుసటి రోజు నేను ఏం తిన్నానో, ఏం బిల్లులు వేశానో గుర్తులేదు. గుండె వాల్వు చెడిన మనిషికి ఎన్ని రోజులు ఆగవచ్చో నాకు తెలియదు. ఎవరినైనా అడుగుదామంటే ఎందుకని ఎదురడుగుతారేమోనని భయం. బిల్లులో ఆమె నంబరు ఉంది. బాత్రూంలోకి వెళ్ళి ఫోన్ చేశాను. "హలో, ఎవరప్పా?" అని ఆమె గొంతు వినగానే పెట్టేశాను.

గోరుచుట్టు మీద రోకటి పోటులా సోమవారం మీటింగులో మేనేజరు ఒక కబురు చెప్పాడు. ఇంకో ఊరి బ్రాంచిలో ఎవరో కస్టమరు తనకు తెలియకుండా కార్డు అంటగట్టారని పోలీసుల దగ్గరికి వెళ్ళాడట. "కంపెనీ ఎవరినీ మోసం చేయమని చెప్పలేదు. బిల్లు మీద ఎవరి ఐడీ ఉంటే బాధ్యత వాళ్ళదే. అందరికీ అర్థమైంది కదా?" అన్నాడు. అందరం తలలూపాం. దొంగకు తేలు కుట్టినట్టు నేను కూడా ఊపాను. మా అమ్మకు పొద్దునా సాయంత్రం సూది వేసేది నేనే. నన్ను తీసుకుపోతే ఎవరు వేస్తారు అన్న ఆలోచన ఒక్కటే తలలో తిరుగుతోంది. అవతల ఒక మనిషి ప్రాణం పోయేలా ఉంటే నాకు నా ఇల్లే కనబడింది. సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

డెలివరీ అతన్ని పక్కకు పిలిచి బతిమాలాను. "నువ్వే పోయి చెప్పప్పా. కార్డు పనికిరాదంట, ఆ తారీకుకే పొమ్మని చెప్పు."

"నేను పెట్టెలు దించేవాణ్ణి అక్కా. నేను చెప్తే నమ్తారా? కంపెనీ కార్డు మీద కుళ్ళుకుంటాండాడు అనుకుంటారు. ఆయమ్మ నమ్మింది నీ మాట. నువ్వే పోవాల."

మంగళవారం నాకు సెలవు. అమ్మకు సూది వేసి, అన్నం మూత పెట్టి, ముదిగుబ్బ బస్సెక్కాను. అక్కడి నుంచి షేర్ ఆటో. దారి పొడుగునా వేరుశనగ పీకేసిన చేలు, ఎర్రగా, ఖాళీగా. ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాను. "కంపెనీ వాళ్ళు నియమాలు మార్చారమ్మా" అని మొదలుపెడితే ఎట్లా ఉంటుంది అనుకున్నాను. చూడండి, అప్పటికీ ఇంకో అబద్ధమే వెతుక్కుంటున్నాను.

ఆమె నన్ను చూడగానే గుర్తుపట్టింది. మొహం విప్పారింది.

"కంపెనీ వాళ్ళు పంపినారా అక్కా? ఆ కార్డు మీద నంబరుకి చేస్తే ఇంగిలీసులో మాట్లాడి పెట్టేస్తాండారు. ఏం చేసేదిరా నాయనా అనుకుంటాంటి. మనిషినే పంపినారే." లోపలికి చూసి, "ఇదో, కార్డిచ్చిన అక్క వచ్చింది" అని భర్తకు చెప్పింది.

నులకమంచం మీద, వీపు వెనకాల గోనెసంచులు పెట్టుకుని ఆయన కూర్చుని ఉన్నాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. "పండుకుంటే నీళ్ళలో మునిగినట్టు ఉంటాదక్కా. కూచునే నిద్రపోతాండా" అన్నాడు. నాకు దండం పెట్టాడు.

ఆమె ఫ్రిజ్ తెరిచి మజ్జిగ తీసింది. లోపల గొర్రెల మందు సీసాలు ఒకవైపు, ఆయన మాత్రలు ఒకవైపు. మాత్రలు ఫ్రిజ్‌లో పెట్టనక్కరలేదు. అయినా ఆమెకు విలువైనవన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్క కార్డు మాత్రం గూట్లో, దేవుని పటాల ముందు ఉంది. కుంకుమ కార్డు మీద ఎక్కడో పెట్టలేదు. సరిగ్గా ఆ డాక్టరు బొమ్మ నుదుట పెట్టింది.

నేను చెప్పలేకపోయాను. "ఫ్రిజ్ బాగా పనిచేస్తోందా అని చూసిపోదామని వచ్చాను" అన్నాను. "బెంగుళూరు ఎప్పుడు పోతున్నారు?" అని కూడా అడిగాను. గురువారం అన్నారు. లేచి వచ్చేశాను. అంత దూరం పోయి, ఆ మనిషి వాచిన కాళ్ళు చూసి, మజ్జిగ తాగి వచ్చేశాను. మీలో ఎవరికైనా నేను ధైర్యస్తురాలినని అనుమానం ఉంటే ఇక్కడితో తీరిపోవాలి.

రోడ్డు మీద కిలోమీటరు రాయి దగ్గర నిలబడ్డాను. ఆటో వచ్చింది. డ్రైవరు ఎక్కమని పిలిచాడు. నేను ఎక్కలేదు. ఆటో వెళ్ళిపోయింది. ఊళ్ళోంచి ఎవరో పరుగెత్తి వస్తున్నారు. చూస్తే ఆమె. తెలిసిపోయింది, కొట్టడానికి వస్తోంది అనుకున్నాను. నిజం చెప్తున్నాను, వెనక్కి రెండడుగులు వేశాను.

"ఫోను ఫ్రిజ్ మీద మర్చిపోయినావక్కా" అంది ఆయాసపడుతూ. నా ఫోను కొంగులో చుట్టి తెచ్చింది. "ఎవరో మాటిమాటికీ చేస్తాండారు. నేను ఎత్తలేదు. నీ ఫోను నేనెట్ల ముట్టేది."

ఫోను నా చేతిలో పెట్టింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. అక్కడే చెప్పేశాను. కార్డు ఆపరేషనుకు పనికిరాదని, బెంగుళూరులో దాన్ని చూసి ఎవరూ లోపలికి కూడా రానివ్వరని, ఆమె ఫోను చేతికిచ్చినప్పుడు ఆమెను అడగకుండా నేనే నొక్కేశానని. కూర్చుకున్న మాటలేవీ పనికిరాలేదు.

ఆమె రాయి మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"దొంగ కార్డా?"

"దొంగది కాదు. కానీ దేనికీ పనికిరాదు."

"మరి పనికొస్తాదంటివే."

"అన్నాను."

"యాలంటివి?"

ఎందుకన్నావని అప్పటిదాకా ఎవరూ నన్ను అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. మీటింగు సంగతి చెప్పాను. కార్డు అమ్మకపోతే అందరి ముందూ నిలబెడతారని, అప్పటికి రెండు రోజులు నిలబడ్డానని, మూడో రోజు కూడా నిలబడితే పని పోతుందని భయపడ్డానని.

ఆమె నా మొహంలోకి చూసింది. తిట్టలేదు. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకే దాకా గొర్రెల వెంట నిలబడే మనిషి ఆమె.

"నిలబడేదానికా" అంది.

ఆ ఒక్క మాటే. తర్వాత మళ్ళీ ఇంటి వైపు తిరిగి, "రేపు నువ్వు కూడా పెద్దాసుపత్రికి రావాల. మేము పోతే మళ్ళీ ఎవరూ పలకరు" అంది. అడగలేదు, చెప్పింది. వస్తానన్నాను.

బుధవారం నేను సెలవు పెట్టకుండా పని మానేశాను. పదిహేడేళ్ళలో అదొక్కసారే. పొద్దున ఏడింటికే ఆసుపత్రి గేటు దగ్గర ఉన్నాను. వాళ్ళు ఇద్దరూ వచ్చారు. ఆయన పది అడుగులకొకసారి ఆగుతున్నాడు. ఆయన ఆగిన ప్రతిసారీ మేమిద్దరం కూడా ఆగేవాళ్ళం.

పథకం కౌంటర్‌లో ఒకాయన కాగితాలు తిరగేసి తల అడ్డంగా ఊపాడు. "మీరే వద్దని వేలిముద్ర వేసి పోయినారు కదమ్మా. ఆ తారీకు ఇంకొకరికి ఇచ్చేసినాం. మళ్ళీ మొదటి నుంచి రావాల."

ఆమె నా వైపు చూసింది. నేను ముందుకు వచ్చి జరిగింది చెప్పాను. వెనకాల వరసలో జనం వింటున్నారు. కౌంటర్ ఆయన కూడా పెన్ను పెట్టేసి విన్నాడు.

"ఇదంతా నోటి మాటగా చెప్తే డాక్టరు గారు వినరు. రాసియ్యి. నీ పేరు, నువ్వు పనిచేసే షాపు పేరు, నువ్వు ఏం చెప్పింటివి, అన్నీ రాసి సంతకం పెట్టు. అప్పుడు లోపలికి తీసుకుపోతా."

తెల్లకాగితం నా ముందు పెట్టాడు. మేనేజరు మాట చెవుల్లో మోగుతోంది. ఈ కాగితం రేపు ఎవరి చేతికైనా పోతే చాలు, నన్ను నేనే పట్టిచ్చుకున్నట్టు. రాయబోతే నా పేరు నాకే వేరేవాళ్ళ పేరులా కనబడింది. రాశాను. ధైర్యం వచ్చి రాయలేదు. పక్కన ఆమె భర్త ఊపిరి పీలుస్తున్న చప్పుడు వినలేక రాశాను.

కౌంటర్ ఆయన కాగితం తీసుకుని లోపలికి పోయాడు. గంటన్నర తర్వాత వచ్చాడు. నాలుగు వారాలకు కొత్త తారీకు ఇచ్చారు. ఈలోపల ఆయాసం ఎక్కువైతే వెంటనే తీసుకురమ్మని చీటీ మీద రాశారు. నాలుగు వారాలు అనగానే ఆమె చేత్తో గోడ పట్టుకుంది.

గురువారం పొద్దున హాజరు మిషను ముందు నిలబడ్డాను. కళ్ళు మూసుకుని వేలు పెట్టాను. పచ్చ దీపం వెలిగిందని వెనకాల వాళ్ళు చెప్తే తెలిసింది.

మేనేజరు గదిలోకి రమ్మన్నాడు. అద్దం తలుపు తోసేసరికి ఆయన కంప్యూటర్ ముందు నిలబడి ఉన్నాడు. కుర్చీ పక్కకు జరిపి ఉంది. తెర మీద చిన్న చిన్న గళ్ళల్లో మొహాలు. కొందరు కూర్చుని, కొందరు నిలబడి. ఇంకా పైవాళ్ళతో మీటింగు. మా బ్రాంచి ముందు రోజు టార్గెట్ చేరలేదన్నమాట. అప్పటిదాకా ఆయన కూడా నిలబడతాడని నాకు తెలియదు. మీటింగు అయ్యాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నిన్న ఎందుకు రాలేదని అడిగాడు. దాచలేదు, అంతా చెప్పాను.

"కాగితం మీద కంపెనీ పేరు రాశారా మేడం?"

"రాశాను సార్."

"నా పేరు?"

"లేదు సార్."

ఆయన మొహం తెల్లబోయింది. నీళ్ళ సీసా అందుకున్నాడు, మూత తీయలేకపోయాడు. ఆ మధ్యాహ్నమే ఆ కార్డు రద్దయింది, దాని డబ్బు ఆమె ఖాతాకు పోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దన్నాడు. నా పనైతే పోలేదు. నన్ను తీసేస్తే ఆ కాగితం ఎక్కడికి పోతుందో అని వాళ్ళ భయం. ఏ కాగితం రాయడానికి నేను చచ్చేంత భయపడ్డానో, అదే నా ఉద్యోగం నిలబెట్టింది. ఆయన భయం చూశాక నా భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. పైవాళ్ళ నుంచి కింది దాకా ఇంతమందిమి భయపడుతూ, ఆ భయాన్ని చివరికి అక్షరాలు రాని ఒక మనిషి చేతిలో పెట్టి పంపించామని మాత్రం అర్థమైంది.

ఆ నాలుగు వారాలు ఎట్లా గడిచాయో చెప్పలేను. డెలివరీ ఆటో వచ్చి ఆగగానే ముందు అతని మొహం చూసేదాన్ని. అతను కూడా కనిపెట్టాడు. ముదిగుబ్బ వైపు పోయి వస్తే దిగకముందే చెయ్యి ఊపేవాడు. ఆమె భర్త ఉన్నాడు అని అర్థం. ఒక రోజు చెయ్యి ఊపలేదు. బిల్లు మధ్యలో వదిలేసి బయటికి వచ్చేశాను. తీరా చూస్తే రెండు చేతుల్లోనూ మిక్సీ పెట్టెలున్నాయి. ఆ రోజు అతన్ని తిట్టిన తిట్లు ఇంకెవరినీ తిట్టలేదు.

ఆపరేషను అయింది. ఆయన బతికాడు. కానీ మొదటి తారీకుకే వచ్చి ఉంటే ఊపిరితిత్తులు ఇంత దెబ్బతినేవి కావని డాక్టరు అన్నాడట. ఆయన ఇప్పుడు గొర్రెల వెంట పోలేడు. వాకిట్లో కూర్చుంటాడు. ఆమె ఒక్కతే పోతుంది. ఆ మాట డాక్టరు ఊరికే అన్నాడో, నిజమో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఆసుపత్రి గేటు దాకా రెండుసార్లు వెళ్ళి తిరిగి వచ్చాను. ఇప్పటికీ అడగలేదు.

మరుసటి ఏడు ఆమె టేబుల్ ఫ్యాను కొనడానికి షాపుకు వచ్చింది. పక్క కౌంటర్ ఖాళీగా ఉంది. అయినా నా వరసలోనే నిలబడింది. ఓటీపీ వచ్చింది. చెయ్యి చాపాను, పాత అలవాటు. ఆమె ఫోను ఇవ్వలేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, తెర నా వైపు తిప్పింది.

"చదువక్కా. అంతా చదువు. గట్టిగా."

చదివాను. నంబరు ఒక్కటే కాదు, పైన ఉన్నది, కింద ఉన్నది, అన్నీ తెలుగులో చెప్తూ చదివాను. రెండోది వచ్చింది. అది దేనికో, దాంతో ఏమొస్తుందో, ఏమి రాదో చదివాను. మేనేజరు అద్దాల్లోంచి చూస్తున్నాడు. నేను ఆగలేదు.

"అది వద్దు" అంది ఆమె.

వెనకాల ఉన్న ముసలాయన ఫోను తీసి, "నాది కూడా అట్లే సదువు తల్లీ" అన్నాడు.

ఆ రోజు నుంచి అందరికీ చదివి చెప్పాను. పూర్తిగా విన్నాక ఆ కార్డు కావాలన్నవాళ్ళు ఎవరూ లేరు. అందుకని రిటైరయ్యే రోజు వరకూ పొద్దున మీటింగులో నేను నిలబడే ఉన్నాను. మేనేజర్లు ఇద్దరు మారారు, ఆసుపత్రిలో ఉన్న ఆ కాగితం భయంతో నన్ను మాత్రం ఎవరూ కదిలించలేదు. భయం పోయిందని అనుకోకండి. రోజూ పొద్దున వేలు పెట్టేటప్పుడు వణికేది. వణుకుతూనే పెట్టేదాన్ని.

నేను మానేసేలోపు ఆమె ఇంకో రెండుసార్లు వచ్చింది. ఆయన ఎట్లా ఉన్నాడని అడిగితే "ఉండాడక్కా" అంది. రెండుసార్లూ నా వరసలోనే నిలబడింది. రెండుసార్లూ నాకు కనబడేలా ఫోను ఎత్తి పట్టుకుంది. నా చేతికి మాత్రం ఇవ్వలేదు.